గోడ అవతలి త్రేన్పు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఆర్మూర్ పసుపు మార్కెట్లో బస్తాలు తూచే కాంటా పని నాది. కాంటాకెక్కనిది ఉందంటే ఒప్పుకోను. ఈ సంగతి చెబితే మావాళ్లు నవ్వుతారు. నవ్వనీండి, జరిగింది జరిగినట్టే చెబుతాను.

రెండేళ్లు ఛాతీలో మంటతో వేగాను. వంగి బస్తా జరిపితే పుల్లటి నీళ్లు గొంతుదాకా వచ్చేవి. తిన్నాక త్రేన్పులు మొదలైతే వీధి మలుపుదాకా వినిపించేవి. అందరూ గ్యాసే అన్నారు. పసుపు ఊళ్లో ఉన్నాం కదా, కనబడిన ప్రతివాడూ పాలలో పసుపు వేసుకుని తాగమనేవాడు. తాగి తాగి నాలుక పచ్చగా అయింది గానీ మంట తగ్గలేదు.

చివరికి నిజామాబాద్‌లో గొట్టం వేసి చూసి హయాటల్ హెర్నియా అన్నారు. కడుపు పైభాగం కొంత ఛాతీలోకి జారిందట. డాక్టర్ మందులు రాసి, బరువులెత్తొద్దన్నాడు. ఏడింటికల్లా తినేసి మూడు గంటలదాకా పడుకోవద్దన్నాడు. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషనే. "అది చేయించుకుంటే త్రేన్పు సరిగా రాదు మరి," అని నవ్వాడు కూడా.

మందులతో కొంత నయమైంది. పడుకుంటే మాత్రం మళ్లీ నీళ్లు ఎగదన్నేవి. నాకేమో కత్తి అంటే చచ్చేంత భయం. ఆపరేషన్ మాట దాటేస్తూ, గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాను.

ఒక సాయంత్రం తిని, ఆ గోడకు ఒరిగి త్రేన్చాను. గోడ అవతల నుంచి ఇంకో త్రేన్పు వచ్చింది. నాదానికంటే గంభీరమైనది.

మాది అద్దె ఇల్లు. పక్క పోర్షన్‌కు మేం రాకముందు నుంచే తాళం. ఫ్యాన్ ఆపి మళ్లీ త్రేన్చాను. అవతలా త్రేన్చారు. ఇంకోసారి చూసినా అంతే, మూడుకు మూడు. వాకిట్లో బీడీలు చుడుతున్న నా భార్య గంగమణి తునికాకు చేతిలోనే పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఎవలొచ్చిండ్రయ్యా? ఇద్దరు తేన్చినట్టు ఇనొచ్చింది."

భయపడాల్సింది పోయి ఇద్దరం పడీ పడీ నవ్వాం. వారం రోజులు ఇదే కచేరీ.

ఇంటాయన అంకాపూర్‌లో ఉంటాడు. ఎలుకలేమో చూడమని పిలిపించాను. తాళం తీశాడు. ఖాళీ గోనెసంచులు, ఒక పార, అంతే. మంచమైనా లేదు. మా వైపు గోడకు మాత్రం, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో పాత నూనె మరక ఉంది. ఆయన దాన్ని వేళ్లతో తడిమి తండ్రిని తలుచుకున్నాడు.

"మా బాపుది అన్నా. గిట్లనే మంట, తేన్పులు. ఆపరేషనంటే భయపడ్డడు. పన్నెండేండ్లు గీ గోడకు ఒరిగే కునికిండు. పాపం, పోయేదాక మంచంల నడుం వాల్చలే."

ఇటువైపు అదే గోడకు ఆనించిన నా దిండు గుర్తొచ్చింది. నేనూ ఇలాగే కూర్చుండిపోతానా అన్న భయం పట్టుకుంది. కత్తి భయం దాని ముందు చిన్నదైపోయింది. మర్నాడే డాక్టర్‌కు ఫోన్ చేసి సరేనన్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లు జావ, తర్వాత మెత్తటి అన్నం. మంట లేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయిన రోజు నాకు పండగే. డాక్టర్ అన్నట్టే త్రేన్పు మాత్రం రాలేదు. నాతోపాటు గోడ కూడా మూగబోయింది. నిజం చెప్పాలంటే, తోడు పోయినట్టు బెంగగా అనిపించింది.

నెల తర్వాత ఓ సాయంత్రం తిని ఊరికే కూర్చున్నాను. అవతల నుంచి ఒకే ఒక్క త్రేన్పు వచ్చింది. పొడుగ్గా, హాయిగా. ఆ వెంటనే నులకమంచం కిర్రుమంది, మనిషి నడుం వాల్చినట్టు.

లేచి వెళ్లి చూశాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల మంచం లేదని నా కళ్లతో నేనే చూశాను కదా. ఆ తర్వాత ఇంతవరకు ఏ చప్పుడూ లేదు. అదేమిటో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

గంగమణి మాత్రం ఆ రోజు బీడీల చేట ఒళ్లోంచి దించకుండానే తేల్చేసింది.

"పెద్దాయన పండుకున్నడు. నువ్వు గిప్పుడే పండుకోకు, మూడు గంటలు ఆగుమన్నడు డాక్టరు."