సున్నం గీత ఉన్న తలుపు

దయ్యాల మీద నేను రాసిన వ్యాసాలు చదివినవాళ్ళకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించవచ్చు. రాయడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది. దయ్యం లేదు, పూనకం లేదు, మహిమ లేదు అని గోదావరి జిల్లాలో సభలెక్కి వాదించినవాణ్ణి నేను. పూనకంలో ఊగుతున్న మనిషి, ఇంట్లో ఆవు తాడు తెంచుకుందని ఎవరో చెప్పగానే ఊగడం మాని పరిగెత్తడం కళ్ళారా చూసినవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయే సంగతి వల్ల నా అభిప్రాయం మారలేదు. కానీ జరిగింది జరిగినట్టు రాయకపోతే, రేపు ఇంకొకరి అబద్ధాన్ని నిలదీసే హక్కు నాకుండదు. అందుకని రాస్తున్నాను.

నేను మారిషస్‌లో ప్లేన్ మాన్యెన్ దగ్గర ఒక చెరకు తోటలో పిల్లలకు తెలుగు చదువు చెప్పేవాణ్ణి. మనవాళ్ళు ఆ దీవిని మోరీసు అంటారు. కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చారు కనుక అక్కడివాళ్ళు మనల్ని కోరంగివాళ్ళంటారు. కూలీల ఇళ్ళన్నీ ఒకచోట వరసలుగా ఉండేవి. దాన్ని కేంపు అనేవారు. కేంపు చివర రేకుల కప్పుతో ఒక చిన్న క్రైస్తవ గుడి ఉండేది. దాని పాదిరి రోజ్ హిల్‌లో ఉండేవాడు, నెలకొకసారి వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో గుడి భారమంతా రూతమ్మగారిదే.

రూతమ్మగారు వితంతువు. బైబిలు వాక్యం చెప్పడానికి సంఘం పెట్టిన మనిషి. అయితే నేను చూసినంతలో ఆమె నోటికన్నా చేతులకే పని ఎక్కువ. ఆ గుడిలో ఒక ఆచారం ఉండేది. ప్రతి క్రైస్తవ ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. దాన్ని దేవుడి పిడికెడు అనేవారు. ఆదివారం ఆ పిడికిళ్ళన్నీ గుడిలో ఒకే బానలో పడేవి. ఒకరిది రంగూన్ బియ్యం, ఒకరిది ఉప్పుడు బియ్యం, ఇంకొకరివి నూకలు. అన్నీ కలిపి కాచిన గంజిలో కొన్ని మెతుకులు చితికిపోయి, కొన్ని పలుకుగా ఉండేవి. కేంపులో ఏ జబ్బుమనిషి అయినా కళ్ళు మూసుకుని ఒక్క గుక్క తాగి, ఇది గుడి గంజి అని చెప్పగలిగేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఆ గంజి మీద నాకూ పాదిరికీ పెద్ద వాదమే జరిగింది. ఆకలిగొన్నవాడి ముందు గంజీ గ్రంథమూ ఒకే చేత్తో పెట్టడం ధర్మం కాదని జనం మధ్యలో నిలబడి అన్నాను. ఇప్పటికీ అంటాను.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు పోర్ట్ లూయిస్ రేవులో దిగిన జ్వరం రైలెక్కి తోటలకు వచ్చింది. వారం తిరిగేసరికి కేంపులో సగం మంది మంచాన పడ్డారు. తోటవాళ్ళ ఆసుపత్రి నిండిపోయింది. అక్కడికి వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. దాంతో జనం జబ్బుమనుషులను దాచడం మొదలుపెట్టారు. బయట చెప్పుల చప్పుడైతే చాలు, లోపల దగ్గే మనిషి నోటికి గుడ్డ అడ్డం పెట్టేవారు. ఇంట్లోవాళ్ళందరూ పోయిన ఇళ్ళకు తోట మనుషులు తాళం వేసి, తలుపు మీద అడ్డంగా ఒక సున్నం గీత గీసేవారు. ఆ గీత ఉన్న తలుపు ఇక ఎవరూ తట్టేవారు కాదు.

రూతమ్మగారికి మాత్రం తలుపులు తెరిచేవారు. ఆమె పిలిచేది కాదు. గరిటెతో ఇత్తడి తపేలా అంచు మీద రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, మరోసారి తట్టేది. ఆ చప్పుడు వింటే క్రైస్తవులైనా కాకపోయినా గడియ తీసేవారు.

తపేలా మోసే మనిషి జ్వరపడ్డప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. మోస్తాను గానీ ప్రార్థన మాత్రం చేయనన్నాను. ఆమె నవ్వింది.

"ప్రార్థన నేను చేసుకుంటాను మేష్టరుగారూ. తపేలా మీరు మొయ్యండి. రెండూ ఒక్కరే చెయ్యాలంటే గంజి చల్లారిపోద్ది."

ఆవిధంగా నేను క్రైస్తవ సంఘం తపేలా మోశాను. మా వరస సర్దారు అప్పలస్వామి, కూలీలను పనిలోకి తోలే మనిషి, నన్ను చూసినప్పుడల్లా బాప్తిస్మం మీద ఒక మాట విసిరేవాడు.

"ఏం మేష్టరూ, మునిగారా? మాకు చెప్పకుండానే మునిగేశారా?"

కొన్నాళ్ళకు రూతమ్మగారూ పడిపోయింది. గుడిలోనే చాప వేసి పడుకోబెట్టారు. ఒళ్ళు కాలిపోతోంది, మనిషి స్పృహలో లేదు. ఇద్దరు ఆడవాళ్ళు పక్కనే కూర్చున్నారు. మర్నాడు ఉదయం వాళ్ళే బానలో బియ్యం తీసి గంజి కాచారు. పుల్లలు తడిసి ఉండటంతో ఒక్క తపేలాయే అయింది. మూత పెట్టి, పైన గుడ్డ కప్పి, ముడి నేనే వేశాను. గరిటె చేత్తో పట్టుకుని బయల్దేరాను. తోవలో అప్పలస్వామి కలిశాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళవలసినవాళ్ళెవరో చూడటానికి అతనూ అటే వస్తున్నాడు. బాగా తెల్లవారింది. ఎండ వచ్చింది.

మొదటి వరస మొదటి ఇంటికి ఇంకా చేరలేదు. రెండు తట్లు వినిపించాయి. కాస్త ఆగి మరొకటి.

నా చేతిలో గరిటె కదల్లేదు. ఆగి విన్నాను. మళ్ళీ అదే చప్పుడు. వరస చివరి ఇంటి నుంచి వస్తోంది. నీకు వినబడుతోందా అని అప్పలస్వామిని అడిగాను. లేదన్నాడు. అబద్ధమాడే అవసరం అతనికి లేదు. దగ్గరికి నడిచాను. ఆ తలుపుకు తాళం ఉంది. తలుపు మీద సున్నం గీత ఉంది. అంతకుముందు నేనూ రూతమ్మగారూ చాలాసార్లు దాన్ని దాటిపోయాం. ఆమె కూడా ఆ గీతను చూసి, తలవంచుకుని పక్కింటికి వెళ్ళిపోయేది.

నేను గుమ్మం ముందు నిలబడగానే చప్పుడు ఆగిపోయింది.

తాళం పగలగొట్టమన్నాను. అప్పలస్వామి ఒప్పుకోలేదు.

"ఖాళీ ఇల్లు మేష్టరూ. గీత ఉంది కదా. తాళం ఇరగ్గొడితే రేపు దొర నన్నడుగుతాడు, మిమ్మల్ని కాదు."

నేను అతని నడుముకున్న చెరకు కత్తి అడిగాను. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, ఇవ్వకుండా తనే దాంతో తాళం కొంకి పెకలించాడు.

లోపల ఒక మనిషి ఉంది. పేరు సన్యాసమ్మ. గోడకు చేరగిలపడి కూర్చుని ఉంది. ఎముకలే మిగిలాయి. ఒళ్ళో నెలల బిడ్డ పాలు తాగుతోంది. వెలుతురుకు కళ్ళు చికిలించి మమ్మల్ని చూసింది.

"మళ్ళీ వచ్చారేం?" అంది. "రూతమ్మత్త ఇప్పుడే గదా పోసెళ్ళింది. బిడ్డకి పాలు పడ్డాయి."

ఆమె పక్కన కొబ్బరి చిప్ప ఉంది. నేను వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. అడుగున గంజి మిగిలింది. అందులో చితికిన రంగూన్ మెతుకులున్నాయి, పలుకుగా ఉప్పుడు బియ్యం ఉంది, నూకలున్నాయి. చిప్ప అప్పలస్వామికి ఇచ్చాను. అతను వేలు పెట్టి చూశాడు. తర్వాత తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

నేను బయటికి వచ్చి నా తపేలా చూశాను. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. విప్పి మూత తీశాను. గంజి అంచుదాకా ఉంది, పైన మీగడ కట్టి.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ గీత తోట మనుషులు గీసింది కాదు. భార్యకు జ్వరం రాగానే ఆమెను ఆసుపత్రికి మోసుకుపోతారని భయపడి, సన్యాసమ్మ మొగుడే సున్నం తెచ్చి తన తలుపు మీద గీసుకున్నాడు. బయట తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని నూకల కోసం వెళ్ళాడు. దారిలో తనే పడిపోయాడు. ఎవరో ఎత్తి ఆసుపత్రిలో వేశారు. లోపల మనుషులున్నారని చెప్పడానికి అతనికి స్పృహ లేదు. ప్రాణం కాపాడుకోవడానికి మనవాళ్ళు పన్నిన ఉపాయమే అక్కడ తల్లీబిడ్డలకు సమాధి అయ్యేది.

నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. ఆసుపత్రికి వెళ్ళి తాళంచెవి అతని మొలతాడుకే ఉండటం చూశాను. ఇంటికి తలుపు ఒక్కటే, కిటికీ లేదు. కప్పు మీద గడ్డి చెదరలేదు. అప్పలస్వామీ నేనూ గోడ చుట్టూ తిరిగి చూశాం. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది, ఇంట్లో గింజ లేదు, కుండ అడుగున కాసిని నీళ్ళున్నాయి. సన్యాసమ్మ జ్వరంలో ఏదో పలవరించింది అనుకోవచ్చు. నాకు వినిపించిన చప్పుడు నిద్రలేని చెవుల భ్రమ అని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ పలవరింత చిప్పలోకి మెతుకులు తేదు. భ్రమ వేడిగా ఉండదు.

మొగుడు బతికాడు. తల్లీబిడ్డలూ బతికారు.

రూతమ్మగారు కూడా కోలుకుంది. ఆ ఉదయం ఆమె చాప మీద నుంచి కదల్లేదని పక్కనున్న ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. తర్వాత రోజ్ హిల్ నుంచి పాదిరి వచ్చాడు. ఈ వార్త విని అతని ముఖం వెలిగిపోయింది. ఆదివారం గుడిలో దీన్ని అద్భుతంగా ప్రకటిస్తానన్నాడు. వాదానికి నేను సిద్ధమవుతుండగానే రూతమ్మగారు గోడకు ఆనుకుని కూర్చుని, నీరసంగా, నా బదులు తనే జవాబు చెప్పింది.

"నేను పోలేదయ్యా. నాకేం తెలీదు. ఆ గీత చూసి దాటిపోయినదాన్ని నేను. నా పేరు పెట్టి చెబితే అది అబద్ధం అవుద్ది."

పాదిరి ఆమెను బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ ఆదివారం గుడిలో ఆ మాట రాలేదు. నా జీవితంలో నేను కలుసుకున్న నిజమైన సత్యవాదుల్లో ఆమె ఒకరు, మా సభల్లో ఆమెకు కుర్చీ లేకపోయినా.

పాదిరి వెళ్ళాక నేను వదల్లేదు. మీరు కాకపోతే మరి ఎవరు పోశారని అడిగాను. ఆమె ఆదివారం బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. తలెత్తలేదు.

"గంజి తాగిందా లేదా, అది చెప్పండి."

తాగిందన్నాను.

"అయితే తపేలా ఎత్తండి. రెండో వరసలోవాళ్ళు చూస్తా ఉంటారు."

ఎత్తాను. ఆ రోజు నుంచి జ్వరాలు తగ్గేదాకా, సున్నం గీత ఉన్న ఏ తలుపునూ మేము దాటిపోలేదు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, గరిటెతో రెండుసార్లు తట్టి, కాస్త ఆగి మరోసారి తట్టేవాళ్ళం. లోపల నుంచి జవాబు వచ్చిన ఇల్లు ఇంకొకటి లేదు.

నేను ఏ మతంలోనూ చేరలేదు. మహిమలు లేవనే ఇప్పటికీ రాస్తాను, ఆ వ్యాసాల కింద సంతకం చేస్తాను. కానీ ఆ చిప్ప నా చేతిలో వెచ్చగా ఉంది. అందులో గంజి ఎవరు పోశారో నాకు తెలియదు.