గంజి గరిటె

ఉప్పు సత్యాగ్రహం అయిన కొన్నేళ్లకు కొల్లేరు పొంగి లంకలను ముంచేసింది. పట్టాల మీదికి నీళ్లు రావడంతో మా బండిని ఏలూరులోనే ఆపేశారు. ప్లాట్‌ఫారం నిండా లంకల నుంచి వచ్చిన జనం. క్రైస్తవ మిషను తరఫున వచ్చిన ఒక నడివయసు ఆవిడ పెద్ద ఇనుప గరిటెతో వాళ్లకు గంజి పోస్తోంది.

వరసలో ముందున్నది మాలపల్లి ముసలాయన. ఇల్లు మునిగి వచ్చిన అదే ఊరి రైతు ఒకడు కర్ర పట్టుకుని వచ్చి, "వీళ్లు తాగాక మేం తాగాలా?" అంటూ ఆయన మొహం మీద కొట్టాడు. ముసలాయన నోట్లోంచి రక్తం కారింది. కిందపడ్డ ఆయన్ని మళ్లీ కొట్టబోతుంటే, ఆవిడ గరిటె ఎత్తి రైతు మణికట్టు మీద ఒక్కటేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అతను కర్ర వదిలేసి, కేకలు పెడుతూ కూలబడ్డాడు.

ఆవిడ ముసలాయన నోరు కడిగి గంజి తాగించింది. తర్వాత రైతు చేతికి వెదురుబద్ద పెట్టి, తన చీరచెంగు చింపి కట్టింది.

"ఆకలిగా ఉందాండీ?"

అతను ఏడుస్తూ తలూపాడు.

"అయితే వెళ్లి వరస చివర నిలబడండి."

అతను వెళ్లి నిలబడ్డాడు. వంతు వచ్చాక ఎడమచేత్తో తాగాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "ఏవండీ, మీ ప్రభువు రెండో చెంప చూపించమన్నాడు కదండీ?"

ఆవిడ గరిటె కడుగుతోంది.

"నా చెంపైతే చూపించేదాన్నండీ," అంది. "అది ఆ తాతగారిది."

నా ముందు ఎవరైనా పక్కవాణ్ణి ఓర్చుకోమన్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.