బీరువాలో టేపురికార్డరు

ఉంగుటూరు దగ్గర ఒక పల్లె బడికి పూర్వ విద్యార్థులు ఏదైనా ఒక యంత్రం కొనిస్తామన్నారట. ఏది అడగాలో తేల్చమని, టీచరుగా రిటైరై పన్నెండేళ్లయిన నన్ను ఈ ఉదయం ఆటోలో తీసుకెళ్లారు. నా మోకాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

"ప్రొజెక్టరే అడుగుదామండీ. పక్కూరి బళ్లో వచ్చేసిందండీ," అన్నాడు నాలుగో తరగతి మాస్టారు.

"మీ తరగతిలో చదవలేనిది ఎవరు బాబూ?" అన్నాను.

చివరి బెంచీలో కూర్చున్న సునీత అనే పిల్లను చూపించాడు. "ఆ పిల్లని మళ్లీ మూడో తరగతిలో కూర్చోబెడదామనుకుంటున్నామండీ."

ఉన్న యంత్రాలేమిటని అడిగితే, అరగంట తాళంచెవి వెతికి బీరువా తెరిచారు. పంద్రాగస్టుకి పాటలు వేసే టేపురికార్డరు బయటికొచ్చింది. సునీత చేత ఒక పేజీ చదివించి, రికార్డు చేసి వినిపించాను.

"ఎవరండీ ఈ పిల్ల? మాటల చివర్లు మింగేస్తోంది. నేను నేర్పనాండీ?" అంది.

తన గొంతేనని చెప్పాను. నోరు తెరిచి చూసి, మళ్లీ వేయించుకుని, వేలు పెట్టి ఒక్కో తప్పూ దిద్దుకుంది. మాస్టారు నా వైపు చూడకుండా, "నాలుగులోనే ఉంటుందిలెండి," అన్నాడు.

ఆ తర్వాత అందరూ కలిసి ప్రొజెక్టరు కోసమే ఉత్తరం రాశారు. వాదించే ఓపిక లేక సంతకం పెట్టాను. ఇంటికొచ్చి చూస్తే బీరువా తాళంచెవి నా సంచిలో ఉంది. తెరిచే ఉన్న ఆ బీరువాకి ఇక తాళం పడదు, టేపురికార్డరు పిల్లలకి అందుతుంది. తిరిగిచ్చేయాలంటారా?