బ్యాటరీల షనావ

ఇరాక్‌లోని బస్రాలో అష్షార్ కాలువ పక్క సందుల్లో డ్రిల్లు పట్టుకుని బతికే ప్రతివాడికీ షనావ లఫ్తా తెలుసు. ఏభై ఏడేళ్ల మనిషి. బక్కపల్చగా ఉంటాడు. మాట తక్కువ. పనివాళ్లంతా ‘ఉస్తా’ అంటారు, మేస్త్రీ అని. చచ్చిన డ్రిల్ బ్యాటరీని తీసుకెళితే డొల్ల విప్పి, లోపలి సెల్స్‌లో పోయినవేవో బతికున్నవేవో మీటరు పెట్టి తేల్చి, పోయినవాటి చోట కొత్తవి అతికిస్తాడు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఊరికే ఇవ్వడు. చెప్పిన జాగ్రత్తలన్నీ ఎదుటివాడి నోటితో ఒకసారి పలికించుకుని గానీ చేతికి వదలడు.

ఈ చాదస్తం సైన్యంలో అంటుకుంది. ఇరవయ్యేళ్లప్పుడు ఇరాన్ యుద్ధంలో ఫావ్ బురదలో వైర్‌లెస్ సెట్టు మోసేవాడు. ఒక శీతాకాలపు రోజు తోచక పొద్దంతా సెట్టు ఆపకుండా వింటూ కూర్చున్నాడు. వెనక్కి వచ్చేయమని పైనుంచి ఆజ్ఞ వచ్చే వేళకు బ్యాటరీ అయిపోయింది. అదే ఆజ్ఞ కాలినడకన చేరేసరికి తొమ్మిది మందిలో ముగ్గురు లేరు. ఆ సంగతి భార్య నజ్లాకు పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పాడు. మళ్లీ ఎత్తలేదు, ఆమె అడగలేదు.

మొన్నటి జూలైలో ఎండ యాభై దాటిన రోజున మిజ్‌హిర్ వచ్చాడు. జిప్సం సీలింగులు బిగించే పని అతనిది. ముప్పై అయిదేళ్లుంటాయి, నోరు ఆగదు. సంచిలోని ఆరు బ్యాటరీలూ బల్ల మీద కుమ్మరించాడు.

“కొని నాలుగు నెలలు కాలేదు ఉస్తా, అన్నీ మొరాయిస్తున్నాయి. చూడు నా ఖర్మ!”

షనావ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. “కాలిపోతోంది. ఎక్కడుంచావ్?”

“బండిలోనే. అద్దం ముందర.”

“రెండు గుడ్లు కూడా పెట్టకపోయావా? మధ్యాహ్నానికి ఉడికేవి.”

మిజ్‌హిర్ పడీ పడీ నవ్వాడు. షనావ నవ్వలేదు.

“విను. పని దిగగానే ఛార్జరుకు గుచ్చకు. నీడన పెట్టు. చేతికి చల్లగా తగిలాకే ఎక్కించు. డ్రిల్లు మూలగడం మొదలెడితే ఆపెయ్, చచ్చేదాకా పిండకు. నిండగానే తీసెయ్. పని లేని వారాల్లో సగం ఛార్జితో చల్లని మూల దాచు. అంతే, రెండేళ్లు చూసుకోనక్కర్లేదు.”

“మా ఆవిణ్ణి కూడా ఇంత ముద్దుగా చూసుకోలేదయ్యా!”

“అందుకేగా పుట్టింట్లో కూర్చుంది.”

“అబ్బో, ఉస్తాకి మాటలొచ్చాయే!” అని మిజ్‌హిర్ బల్ల మీదికి వంగాడు. గొంతు తగ్గించాడు. “వంతెన అవతల హన్నూన్ ఉన్నాడుగా. లోపలి పచ్చ బోర్డు పీకేసి నేరుగా వైరు కలిపేస్తున్నాడట. డ్రిల్లు మధ్యలో ఆగే మాటే లేదట. నువ్వూ అట్లా చేసెయ్యరాదూ?”

షనావ చేతిలోని బ్యాటరీని కింద పెట్టాడు. “ఆ బోర్డు ఆపుతోందంటే, లోపలివి ఇంక మావల్ల కాదంటున్నాయని అర్థం. దాని నోరు నొక్కేస్తే సరిపోతుందా? అడుగంటిపోయిన సెల్లుకు బలవంతాన కరెంటు పట్టిస్తే మింగుతుంది, కాదనదు. ఎప్పుడు కక్కుతుందో మాత్రం చెప్పదు. నేను చెయ్యను నాయనా.”

“సరేలే, నువ్వు పెద్ద డాక్టరువి,” అంటూ మిజ్‌హిర్ ఆరింటినీ మళ్లీ సంచిలో వేసుకుపోయాడు. ఆ పూటే వంతెన దాటాడని షనావకు తర్వాత తెలిసింది.

పదకొండో రోజు మధ్యాహ్నం సందంతా తలుపులు మూసుకుంది. షనావ ఎండునిమ్మ చాయ్ తాగుతున్నాడు. మిజ్‌హిర్ గడప మీద నిలబడ్డాడు. వాడి కంటే ముందు వాసన లోపలికి వచ్చింది. తియ్యగా, గోళ్లరంగు సీసా మూత తీసినట్టు. షనావ గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

“ఇది కాస్త ఉబ్బింది ఉస్తా. కోప్పడకు, ఒక్కసారి చూడు.”

డొల్ల అతుకు దగ్గర వేలు దూరేంత నోరు తెరుచుకుంది. షనావ దాన్ని చెక్కపలక మీదికి తోసి, బయటికి తీసుకెళ్లి, ఎవరూ లేని కాలువ గట్టున మట్టిలో వదిలి వచ్చాడు.

“మిగతా అయిదూ?”

“ఇంట్లో ఉన్నాయి, మెట్ల కింద. పొద్దుట్నుంచీ కరెంటు లేదుగా, వచ్చినప్పుడు ఎక్కుతాయని ఛార్జర్లకు పెట్టేసొచ్చా.”

సరిగ్గా అప్పుడే నెత్తి మీద ఫ్యాను కదిలింది. సందు పొడుగునా ఏసీలు ఒకదాని వెనక ఒకటి గుర్రుమన్నాయి. సర్కారు కరెంటు వచ్చింది.

ఇద్దరూ ఫ్యాను వంక చూశారు.

“ఇంట్లో ఎవరున్నారు?”

“అమ్మ.”

ఫోను మోగి మోగి ఆగిపోయింది. ముసలామెకు చెవులు సరిగా వినపడవు. రెండోసారి ప్రయత్నిస్తూనే మిజ్‌హిర్ బండి తీశాడు. దారిలో మనిషన్నవాడు లేడు. గోడల నీడలు కూడా పాదాల కిందికి ముడుచుకుపోయాయి. “ఏం కాదుగా ఉస్తా?” అని మిజ్‌హిర్ రెండుసార్లు అడిగాడు. పొయ్యిలోంచి వచ్చినట్టున్న గాలి మొహాన కొడుతున్నా షనావ అద్దం దించుకుని, పొగ వాసన కోసం ముక్కు బయటికి పెట్టి కూర్చున్నాడు.

తలుపు తెరవగానే అదే తియ్యటి వాసన. మిజ్‌హిర్ తల్లి హజ్జియా తిస్వాహన్ మెట్ల మొదట్లో చిన్న పీట మీద కూర్చుని, విసనకర్రతో ఛార్జర్లకు విసురుతోంది.

“వచ్చావా నాయనా! నీ సామాను సలసల కాగిపోతోందిరా. పాపం అని తడిగుడ్డ కప్పాను.”

షనావ పరుగున వెళ్లి గోడ మీది మెయిన్ స్విచ్ దించాడు. గుడ్డ కొస పట్టి లాగాడు. అయిదింట్లో చివరిది కెటిలు లాగా సన్నగా ఈల వేస్తోంది.

“అమ్మను ఎత్తుకో. బయటికి పో.”

“చెప్పులేసుకోనీరా!” అని ఆమె కేకలేస్తూ వీపు మీద బాదుతున్నా మిజ్‌హిర్ తల్లిని చంటిపిల్లలా ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. మూల నిలబెట్టిన జిప్సం పార కింద నుంచి దూర్చి, షనావ ఆ ఈల వేసేదాన్ని లేపాడు. హాలు దాటాలి. తివాచీ, దిండ్లు, కర్టెన్లు. పరిగెత్తితే దొర్లిపోతుందని మెల్లగా నడిచాడు. పెరటి గడప దగ్గర ఈల ఆగిపోయింది. ఆగడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది. పార ముందుకు విసిరాడు. అది నేల తాకకముందే పేలింది. తెల్లటి మంట లేచింది, సెల్స్ ఒక్కొక్కటే తూటాల్లా ఎగిరాయి. ఒకటి అతని ఎడమ కంటి కింద తగిలింది.

రక్తం కారుతుండగానే వెనక్కి వెళ్లి మిగిలిన నాలుగూ ఒక్కొక్కటిగా మోసుకొచ్చాడు. మిజ్‌హిర్ గుమ్మంలో నిలబడి, “చాలు ఉస్తా, ఇల్లు పోతే పోనీ, రా!” అని ఏడుస్తున్నాడు. ఆ నాలుగింట్లో ఇంకొకటి సాయంత్రం దాకా ఆగి పెరట్లోనే మండింది.

ఇల్లు నిలిచింది. హజ్జియాకు గీత కూడా పడలేదు. పుదీనా మడి మాడిపోయిందని మాత్రం కొడుకును నెల రోజులు సాధించింది. షనావ ఎడమ కన్ను మసకబారింది. ఇంక తేరుకోదని డాక్టరు చెప్పేశాడు. చిన్న అతుకులు నజ్లా పక్కన కూర్చుని చూసి చెబితేనే వెయ్యగలుగుతున్నాడు.

కట్టు విప్పిన రోజున వంతెన దాటి హన్నూన్ దుకాణానికి వెళ్లాడు. హన్నూన్ మర్యాదగానే కుర్చీ వేశాడు.

“బోర్డు తీసి ఎన్నింటిని కట్టావు?”

“ఏమో ఉస్తా. మూడొందలుంటాయి. నాలుగొందలేమో.”

“ఎవరెవరికిచ్చావు?”

“పేర్లెవరు అడుగుతారయ్యా? వచ్చారు, పట్టుకుపోయారు. అంత దూరం సమావా ఊరి నుంచి కూడా వచ్చారు.” కాసేపు షనావ కంటి వంక చూశాడు. “ఇప్పుడు కట్టడం మానేశాను, ఒట్టు.”

షనావ తన దుకాణం ముందు ఇసుక నింపిన పీపా పెట్టించాడు. హన్నూన్ కట్టినవి తెచ్చి ఇందులో వేస్తే కొత్త సెల్స్ ఊరికే బిగిస్తానని మసీదు దగ్గరా, కలప అడితీల్లో, సీలింగు పనివాళ్ల టీకొట్లలో చెప్పి వచ్చాడు. కొందరు నవ్వారు. బాగానే పనిచేస్తున్నాయి కదా అన్నారు.

సెప్టెంబరు చివరికి పదకొండు వచ్చాయి.