కోయకుండా వదిలేసిన కాఫీ పళ్లు

2022 ఆగస్టులో అరకు బస్టాండులో దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. తెల్ల చొక్కా, నల్ల టై, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ల, చేతిలో సూట్‌కేసు. ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, ఏ మందుల కంపెనీ అని అడిగాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మాది సామర్లకోట. జనం మోర్మన్లు అని పిలిచే చర్చి మాది. మా కుర్రాళ్లు చాలామంది చదువు మధ్యలో ఆపి, రెండేళ్లపాటు జీతం లేని మిషనరీలుగా వెళతారు. వయసుతో పని లేకుండా మమ్మల్ని ఎల్డర్ అంటారు, అంటే పెద్ద అని. మీసాలైనా సరిగ్గా రాని పెద్దలం.

ఆ పనిలో కొన్ని కట్టుబాట్లున్నాయి. ఎక్కడికీ ఒంటరిగా వెళ్లకూడదు, పక్కన జోడీ ఉండాలి, అతన్ని కంపానియన్ అంటాం. నా కంపానియన్ బెంగళూరులో పెరిగిన తమిళ కుర్రాడు, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. మేం తిరిగే చోటు ఏరియా. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లుంటాయి. శనివారం ఫోను వస్తే మంగళవారానికి కొత్త ఊళ్లో ఉండాలి. వెళ్లే ముందు ఎవరికేం చెప్పాం, ఇంకేం మిగిలిందన్నది తరవాత వచ్చేవాళ్ల కోసం ఏరియా బుక్‌లో రాయాలి. పేరుకే బుక్, ఉండేది ఫోన్లో. అది నేను శ్రద్ధగా రాస్తానని నాకు మంచి పేరుండేది.

చిలకమ్మ మాకు సంతలో కనిపించింది. యాభై దాటిన మనిషి, పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుంది. మేం దేవుడి మాట చెప్పేవాళ్లమని తెలిసి, చచ్చిపోయినవాళ్ల సంగతి మీకేమైనా తెలుసా అని అడిగింది. అంతకుముందు ఏడాది జ్వరంతో ఆమె భర్త పోయాడు. పెళ్లి బంధం చావుతో తెగిపోదని, బాప్తిస్మం తీసుకుని నియమాలు పాటిస్తే భార్యాభర్తలు మళ్లీ కలుస్తారని మా చర్చి నమ్ముతుంది. ఆ మాట ఆమె మూడుసార్లు చెప్పించుకుంది. మరుసటి వారం నుంచి కొండ మీద వాళ్ల ఊరికి వెళ్లడం మొదలుపెట్టాం. గంటన్నర నడక.

ఇంటి వెనక వాలులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఆమె కాఫీ తోట. మొగుడూ పెళ్లామూ కలిసి నాటుకున్నది. ఏడాదంతా ఇల్లు గడిచేదీ, విశాఖలో కూతురు నర్సింగ్ చదివేదీ దాని మీదే.

బాప్తిస్మం తీసుకోవాలంటే మా దగ్గర ఆరోగ్య నియమం ఒకటుంది. సారా, పొగాకు, టీ, కాఫీ ముట్టకూడదు. చిలకమ్మ చిన్నప్పటి నుంచీ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే మనిషి. చుట్ట మానేసి, నోరు ఊరుకోక చింతపిక్కలు చప్పరిస్తూ మా ముందు కూర్చునేది. కాఫీ తాగే అలవాటు ఎలాగూ లేదు. అక్కడ పండించేవాళ్లలో తాగేవాళ్లు తక్కువ. నవంబరు మొదట్లో, పళ్లు ఎర్రబడుతున్నప్పుడు, ఆమె నన్నొక ప్రశ్న అడిగింది.

"తాగితే తప్పన్నావు కదా బాబూ. మరి పండించి ఊరందరి సేత తాగిత్తే అది ఏటవుద్ది?"

నాకు తెలియదు. ఎవరూ నన్నది అడగలేదు. తెలియదనడానికి నామోషీ వేసి, కనుక్కొని చెబుతానన్నాను.

"అయితే నువ్వు సెప్పీదాకా పండు ముట్టను" అంది. "పోయిన ఆ మడిసిని మల్లీ సూడాలి. తెలీక తప్పు సెయ్యను."

అప్పుడే ఆపాల్సింది. అమ్మా, కోత ఆపకు అనాల్సింది. కానీ నాకు గర్వంగా అనిపించింది. ఎంత విశ్వాసం, నా బోధ ఎంత బాగా పనిచేసింది అనుకున్నాను. మా పైన ఉండే మిషన్ ప్రెసిడెంటుకు వారం వారం ఉత్తరం రాయాలి. ఆ వారం చిలకమ్మ త్యాగం గురించి ఒక పేజీ రాశాను. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం రాయలేదు. కథ బాగా వచ్చిందన్న సంతోషంలో అది జారిపోయింది.

తరవాతి శనివారం ఫోను వచ్చింది. ఇద్దర్నీ ఒకేసారి మార్చారు, నన్ను హైదరాబాదుకు. ఆదివారం చర్చికి పోగా సోమవారం ఒక్కరోజే చేతిలో ఉంది. బట్టలు ఉతుక్కున్నాం, ఇంటి ఓనరుతో ఫోటోలు దిగాం, బొంగులో చికెన్ తిన్నాం. కొండెక్కలేదు. వాన పడుతోంది, బూట్లు పాడవుతాయనుకున్నాను. నిజం అంతే. ఏరియా బుక్‌లో చిలకమ్మ పేరు కింద, మంచి మనసు, పొగాకు మానేసింది, బాప్తిస్మానికి దగ్గరలో ఉంది అని రాశాను. నేను బాకీ పడ్డ జవాబు అందులో లేదు.

హైదరాబాదులో కొత్త వీధులు, కొత్త కంపానియన్, కొత్త ఇళ్లు. వారం తిరిగేసరికి అరకు నా తలలోంచి పోయింది.

జనవరి చివర ఒక మధ్యాహ్నం చిలకమ్మ కూతురు ఫోన్ చేసింది. అరకులోని కొత్త ఎల్డర్ల దగ్గర మా నంబరు తీసుకుందట. కోపంగా లేదు, అలిసిపోయి ఉంది.

"మా అమ్మకి ఏటి సెప్పి ఎల్లేరండీ? తోట మొత్తం సెట్టుమీదే నల్లగా ఎండిపోనాది."

మిగతాది ఆమె చెబుతుంటే వింటూ నిలబడ్డాను. ఆ ఊళ్లో ఒకరి తోటలో పళ్లు అందరూ కలిసి కోస్తారు, తరవాత ఇంకొకరి తోటకు వెళతారు. చిలకమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె వాళ్లను రావద్దంది. రెండోసారీ అలాగే పంపేసింది. కోయకుండా వదిలేసిన పళ్లలో పురుగు చేరుతుంది, పక్క తోటలకు పాకుతుంది. బతిమాలారు, తిట్టారు, చివరికి ఆమెను వంతుల్లోంచి తీసేశారు. కొత్త ఎల్డర్లు వెళ్లినప్పుడల్లా, ఆ బాబు ఏమైనా కబురు పంపాడా అని అడిగేదట. నా క్షేమం అడుగుతోందనుకుని, బాగున్నాడమ్మా అని చెప్పి వచ్చేవారట.

నేను ప్రెసిడెంటుకు ఫోన్ చేశాను. తాగకూడదన్నదే నియమం, పండించడం, అమ్మడం ఆమె ఇష్టం అన్నారు. ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషం నవంబరులో నా దగ్గర లేకపోలేదు.

వెంటనే కూతురికి చెప్పాను. అప్పటికి చెట్టు మీద కోయడానికి ఏమీ మిగల్లేదు. ఆ అమ్మాయి ఆ ఏడు చదువు ఆపి, వేరేవాళ్ల తోటల్లో కూలికి వెళ్లింది.

నా రెండేళ్లు ముగిశాక, టై లేకుండా, ఒక్కణ్ణే ఆ కొండ ఎక్కాను. చిలకమ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది. బాప్తిస్మం తీసుకోలేదు. నన్ను గుర్తుపట్టి చాప వేసింది. నేను తప్పు ఒప్పుకున్నాను. నీ ప్రశ్న నేను ఎవర్నీ అడగలేదమ్మా, మరిచిపోయాను అని చెప్పాను. ఆమె చుట్ట పక్కన పెట్టింది.

"మరిసిపోనావా" అంది. "నాకలా తోసనేదు బాబూ. ఆ మాట అడగడానికే అంత దూరం ఎల్నావనుకున్నాను. పెద్ద మాట కదా, బేగి తేలదులే అని కూకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. కొండ దిగుతూ ఏడ్చాను.

ఇప్పుడు కాకినాడలో మోటారు సైకిళ్ల షోరూంలో పని చేస్తున్నాను. ఎవరైనా నాకు తెలియనిది అడిగితే, తెలియదని ముందే చెప్పి, వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల ఎదురుగానే ఫోన్ చేసి అడుగుతాను. ఇంత చాదస్తమేమిటని మేనేజరు విసుక్కుంటాడు. నా మాట నమ్మి ఒక మనిషి కోత ఆపుకుని కూర్చుందని ఆయనకెలా చెప్పను? మనం వదిలేసి వెళ్లిన చోట కూడా ఎవరో మన జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటారని ఆ రెండేళ్లలో నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేను, దానికి నష్టపోయింది చిలకమ్మ.