ఆ ఆదివారం వేసిన భాగం

దెయ్యాల ఊసెత్తినందుకు మా ఆడపడుచుతో వాదించి, పెళ్లి పంక్తిలోంచి సగం భోజనంలో లేచి వచ్చినదాన్ని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తాను.

తొంభైల చివర్లో మేము కొండాపూర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. చుట్టూ బండలు పేల్చి ఆఫీసులు కడుతున్నారు. టీవీలో ఆదివారం పొద్దున అంతరిక్ష నౌక కథతో ఒక సీరియల్ వచ్చేది. దాన్ని నవలగా రాసే పని ఒక ప్రచురణకర్త దగ్గర నాకు దొరికింది. స్క్రిప్టు ఇవ్వమంటే, టీవీ చూసి రాసుకోమన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

అత్తమ్మ నా పక్కనే కూర్చుని చూసేది. "అందరు చూసిందే మళ్ల రాసుడేందే? గిదొక పనా?" అనేది. అదీ మర్చిపోలేదు.

ఒక ఆదివారం, ఆ నౌకలోని ముసలి కెప్టెన్ ఎడమ చెయ్యి బరువుగా ఉందన్నాడు. గ్యాస్ అని అందరూ తీసిపారేశారు. కాసేపటికి కుర్చీలోనే ప్రాణం పోయింది. అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. నేను ఆ రోజే అధ్యాయం రాసేశాను.

మర్నాడు బియ్యం ఏరుతూ అత్తమ్మ చెయ్యి విదిలించుకుంది.

"ఎడమ చెయ్యి బరువైతుందే. గ్యాస్ గావచ్చు తియ్యి. జర పండుకుంటే పోతది."

గ్యాస్ అన్న మాట వినగానే ఆటో పిలిచాను. "పిచ్చి లేసిందా నీకు? పొయ్యి మీద పప్పున్నది!" అని తిడుతూనే ఎక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

అత్తమ్మ ఇంటికొచ్చాక అధ్యాయం ఇవ్వడానికి వెళ్లాను. ప్రచురణకర్త చదివి నవ్వాడు.

"ఇదెక్కడి భాగమండీ? ఆ ఆదివారం క్రికెట్ మ్యాచ్ వేశారు. సీరియల్ రానే లేదు."

నేను ఒప్పుకోలేదు. ఆయన నా ముందే సీరియల్ తీసేవాళ్లకు ఫోన్ చేశాడు. అలాంటిది అసలు తీయలేదట. మా వీధిలో ఇంటింటికీ వెళ్లి అడిగాను. అందరూ మ్యాచే చూశారు.

చివరికి, ఏమీ చెప్పకుండా అత్తమ్మనే అడిగాను, ఆ ఆదివారం ఏం చూశామని.

"గా ముసలాయన కుర్సీల పాణం ఇడవలేదా? నన్నడుగుతవేందే, నువ్వే గద రాసినవు!"

ఆ అధ్యాయం తీసేసి నవల వేశారు. అట్ట మీద నా పేరూ వేయలేదు. ఆ రెండూ మర్చిపోలేదు.

అత్తమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, నన్ను ఎత్తిపొడుస్తూనే. ఆ పొద్దున మా ఇంటి టీవీలో వచ్చిందేమిటో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. ఆ భాగం చివర ఎవరి పేరూ పడలేదు. పడి ఉంటే ఆ పేరు చెప్పుకుని రోజూ దండం పెట్టేదాన్ని.