గేటు అవతలి కాలువ

రాజోలు దగ్గరి షెడ్డులో ఎస్తేరమ్మ రోజంతా అరమోడ్పు కళ్లతోనే రొయ్యలు ఒలుస్తుంది. ఐసులో నాని తెల్లబడ్డ వేళ్లు వాటంతటవే కదులుతుంటాయి. మనసు మాత్రం తాళం వేసిన గేటు దాటి, కాలువలో గుర్రపుడెక్కతో పాటు తేలిపోతుంటుంది. ఆ రోజు, ఆ రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున తనిఖీకొచ్చిన అమ్మాయి, "కావాలంటే మీరు పని మధ్యలో బయటికి వెళ్లొచ్చా అండీ?" అని అడిగింది. పక్కనే సూపర్‌వైజరు నవ్వుతూ నిలబడ్డాడు. "చూసొస్తానండి," అని ఎస్తేరమ్మ చేతులు తుడుచుకుని లేచింది. వాచ్‌మన్ గబగబా తాళం తీశాడు. ఆమె గట్టున కూర్చుని, నీళ్లలో కాళ్లు పెట్టి, కొట్టుకుపోతున్న ఒక ఊదారంగు పువ్వు కనుమరుగయ్యేదాకా చూసి, తిరిగొచ్చింది. "ఆయ్, వెళ్లొచ్చండి," అంది. అమ్మాయి కాగితం మీద టిక్కు పెట్టబోయింది. "మీరొచ్చేరని తాళం తీసేరండి. రేపు కూడా వస్తారా?" అని అడిగింది ఎస్తేరమ్మ.